ఒక్క పేరు, ఒక్క కార్డు

1977లో జీడిమెట్ల కార్ఖానా శేరిలింగంపల్లిలోని చిన్న కార్ఖానాను తనలో కలుపుకుంది. రెండు చోట్లా మనిషికొకటి చొప్పున చిల్లులు పొడిచిన అట్టకార్డులుండేవి. ఆ రెండు పెట్టెలనూ ఒకటి చేసే పని కంప్యూటర్ విభాగంలోని భ్రమరాంబ మీద పడింది. పేరు కలిస్తే కొత్త కార్డు ఉంచి పాతది తీసెయ్యమని యంత్రానికి చెప్పింది. ఆవిడది తెనాలి వైపు. అక్కడ ముందు ఇంటిపేరు, తర్వాతే మనిషి. ఇక్కడ పుప్పాలగూడ నుంచి వచ్చినవాణ్ణి గేటు దగ్గర పేరడిగితే పోచయ్య అంటాడు, గుమాస్తా అంతే రాసుకుంటాడు, అందుకని ఒకే పేరున నలుగురైదుగురుంటారు. యంత్రానికి ఈ సంగతి ఎలాగూ తెలియదు, తెలియాల్సిన భ్రమరాంబకూ తట్టలేదు. పైగా నకలు కూడా తీసిపెట్టుకోలేదు, మహాతల్లి. తీసేసిన కార్డులు ఆఫీసు ఆనవాయితీ ప్రకారం క్యాంటీన్‌కు వెళ్లాయి, సరుకుల చీటీలు రాసుకోవడానికి.

పర్మనెంటు జాబితా గోడకెక్కిన రోజు పోచయ్య అనే కార్మికుడు భ్రమరాంబ దగ్గరికి వచ్చాడు. జాబితాలో లేనివాళ్లకు నెలాఖరు దాకానే పని.

"ఎనిమిదేండ్ల సంది చేస్తున్ననమ్మా. నిరుడే వచ్చిన్నని రాసిన్రట. గిట్లెట్లయితది?"

కార్డు తీసి చూడగానే భ్రమరాంబకు విషయం అర్థమైంది. అది వేరే పోచయ్యది. పరుగున పై అధికారి చలపతిరావు దగ్గరికి వెళ్లింది.

"తప్పు మీదేనని రాసివ్వండి, పాత హాజరు పుస్తకాలు తెప్పిస్తాను. కానీ మీ ప్రమోషన్ సంగతి కూడా ఆలోచించుకోండి మరి," అన్నాడాయన.

ఆవిడ ఆ ప్రమోషన్ కోసం నాలుగేళ్లుగా కాచుకుని ఉంది. ఏడుపొచ్చింది. అయినా బల్ల దగ్గరికొచ్చి రాసింది. రాసింది పోచయ్యకు చదివి వినిపించింది.

"మీ నౌకరికేం గాదు గదమ్మా?"

"ఉద్యోగానికేం కాదు. ప్రమోషనే రాదు."

పోచయ్య తల వంచుకున్నాడు. అయినా కదల్లేదు.

"బయట ఇంకిద్దరు పోచయ్యలున్నరమ్మా. లోపటికి రానీకి భయపడుతున్నరు. ఆళ్లను గూడ జర రాయరాదు."

భ్రమరాంబ ఉత్తరం వంక చూసుకుని సిగ్గుపడింది. అంత తప్పునూ ఒక్క మనిషితో సరిపెట్టేసుకుంది. దాన్ని చింపి, కొత్త కాగితం తీసుకుంది.

"పిలవండి," అంది. "ముగ్గురూ కూర్చోండి."