వెనక నిలబడే మనిషి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత ఎవరూ నన్ను బుద్ధిమంతుడనుకుని మోసపోకుండా ఉంటారు.

పేరు రామాంజులు. ఊరు రాయచోటి దగ్గర. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. కువైట్‌లోని జహ్రాలో ఒక బకాలాలో, అంటే మన కిరాణా కొట్టు లాంటిదే, నాలుగేళ్లుగా పెప్సీ కేసులు ఎత్తుతున్నాను, దించుతున్నాను. వారమంతా అదే పని. శుక్రవారం మాత్రం నేను వేరే మనిషిని. ఆ రోజు మావాళ్ల వ్యానెక్కి షుఐబా దగ్గరి లేబర్ క్యాంపుకు పోతాను. క్యాంపు వెనక ఇసుక మైదానంలో మా కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ల వాలీబాల్ టీముంది. దానికి కెప్టెన్‌ని నేనే, స్మాషర్‌నీ నేనే. నేను ఎగిరి కొడితే అవతలివాళ్లు చేతులెత్తేది బాలు ఆపడానికి కాదు, తలకాయలు కాపాడుకోవడానికి.

మా ఆటకు ఒక పద్ధతుంది. నెట్ దగ్గర ముగ్గురు, వెనక ముగ్గురు. మొదటి బాలు నుంచి చివరి బాలు దాకా ఎవరి చోటు వాళ్లదే. అసలు రూలు ప్రకారమైతే సర్వీసు చేతులు మారినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో చోటు జరగాలి. ముందున్నవాడు వెనక్కి పోవాలి, వెనకవాడు ముందుకు రావాలి. ఆ జరగడాలు మాకు లేవు. ఊళ్లో ఎట్లా ఆడామో కువైట్‌లోనూ అంతే. పొడుగోడు ముందు, పొట్టోడు వెనక. నంబరున్న జెర్సీలు కూడా ముందు ముగ్గురికే కుట్టించాం. వెనకవాళ్లు ఏ బనీను దొరికితే అది తొడుక్కుంటారు.

ఆ వెనకవాళ్లలో ఓబులేసన్న ఒకడు. నలభై ఏడేళ్లు. నా భుజం దాకా వస్తాడేమో. షుఐబాలో పైపులకు రంగులేసే కాంట్రాక్టు పని, ఇరవై రెండేళ్లుగా. సర్వీసు ఎంత వేగంగా వచ్చినా ముంజేతుల మీద తీసుకుని మెత్తగా లిఫ్టర్ నెత్తి మీదికి పంపేవాడు. లిఫ్టర్ ఎత్తేవాడు, నేను కొట్టేవాణ్ని. ఈలలన్నీ నాకే. ఎప్పుడో వందకొకటి తప్పిందా, "ఏం ఓబులేసన్నా, రంగు డబ్బా అనుకుంటివా?" అని అందరి ముందూ అరిచేవాణ్ని. ఆయన "పోనీలేప్పా" అనేవాడు. ఆ మాటకు నాకు ఇంకా మండేది.

మా కొట్టుకు రొట్టె కొనడానికి అబ్దుల్ ఖుద్దూస్ భాయ్ వస్తుంటాడు. కడప మనిషే. దగ్గర్లోని ఒక వాలీబాల్ క్లబ్బు హాల్లో నెట్లు కట్టి, నేల తుడిచే పని ఆయనది. జూన్‌లో ఒకరోజు రొట్టె పక్కన పెట్టి, "రామాంజులూ, మా క్లబ్బులో బయటి దేశం ఆటగానికి ఒక చోటుండాది. వస్తానన్నోడు రాకుండా పాయ. కోచ్‌తో నీ మాట చెప్పినా. ఆదివారం వచ్చేయ్," అన్నాడు.

ఒక సీజన్ కాంట్రాక్టు. ఆట ఆడితే జీతం! ఇన్నేళ్లూ ఆట నాకు వారానికోసారి దొరికే బిర్యానీ. అదే రోజూ తినే అన్నం కావాలని పదో తరగతి నుంచీ నా కోరిక. ఇంకో కోరిక దొంగచాటుగా కూడా లేదు నాకు.

నాకు వీసా ఇచ్చిన కొట్టు యజమాని కఫీల్‌ని అడిగాను. ఆయన తస్బీ పూసలు తిప్పుకుంటూనే లెక్కలు కట్టాడు. "నీ ఇఖామా సెప్టెంబరులో అయిపోతుంది. అంతలోపల క్లబ్బు కాగితం తెస్తే వదిలేస్తాను. తేకపోతే ఇంకో రెండేళ్లు ఇక్కడే. ఖలాస్," అన్నాడు. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం. నాకప్పటికే ఇరవై నాలుగు. రెండేళ్ల తర్వాత ఏ క్లబ్బు పిలుస్తుంది నన్ను?

ఆదివారం పోయాను. చల్లటి హాలు, అద్దంలా మెరిసే చెక్క నేల. కోచ్ ట్యునీషియా మనిషి, నెరిసిన గడ్డం. మొదట మూడు బాళ్లు కొట్టించాడు. మూడూ నేలను పగలగొట్టినంత పని చేశాయి. ఆయన కనుబొమలు పైకి లేచాయి. కాంట్రాక్టు జేబులో పడ్డట్టే అనుకున్నాను.

తర్వాత అందరితో కలిపి ఆడించాడు. విజిల్ వేయగానే ఆరుగురిలో ఐదుగురు జరిగారు. నేను స్తంభంలా నిలబడ్డాను. పక్కవాడు వచ్చి నాకు గుద్దుకున్నాడు. "యల్లా, జరుగు!" అని అరిచారు. జరిగి జరిగి వెనక్కి చేరాను. సర్వీసు వేసేవాడికి రెండు బాళ్లకే నా సంగతి తెలిసిపోయింది. ఇక ప్రతి సర్వీసూ నా మీదికే. ఒకటి ముఖానికి తగిలింది, ఒకటి గోడకు పోయింది, ఇంకొకటి మోచేతికి తగిలి ఎగిరి ఖుద్దూస్ భాయ్ నీళ్ల బకెట్లో పడింది. అందరూ నవ్వారు. ఒళ్లు మండి బాలును కాలితో తన్నాను. "దీంట్లో గాలెక్కువుంది," అన్నాను.

కోచ్ దగ్గరికొచ్చి, నాకర్థమయ్యేలా నిదానంగా అరబ్బీలో చెప్పాడు. "నువ్వు సగం ఆటగాడివి. మిగతా సగం తెచ్చుకో. ఆగస్టు చివరి ఆదివారం రా. ఇరవై సర్వీసులు వేయిస్తాను. పదిహేను లిఫ్టర్‌కి చేరాలి. చేరితే కాగితం, లేకపోతే లేదు."

బయటికొచ్చాక ఖుద్దూస్ భాయ్ నా వీపు తట్టి, "ఆడలేక మద్దెల ఓడన్నెట్ల, గాలెక్కువనా!" అన్నాడు. చేతిలో తొమ్మిది శుక్రవారాలున్నాయి. నేర్పే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషిని ఎన్నిసార్లు ఎన్ని మాటలన్నానో ఆ శుక్రవారం వ్యానులో దారి పొడుగునా గుర్తొస్తూనే ఉన్నాయి.

క్యాంపు కొళాయి దగ్గర ఓబులేసన్న బట్టలు ఉతుక్కుంటున్నాడు. "అన్నా, సర్వీసు తీసుకునేది నేర్పించు," అన్నాను. జరిగిందంతా చెప్పాను, బకెట్ సంగతితో సహా. ఆయన చొక్కా పిండి దండెం మీద వేశాడు.

"నేర్పిస్తా. ఒకటే మాట. ఈ తొమ్మిది వారాలు నువ్వు ఎగరగూడదు. నెట్ కాడికి పోగూడదు. నా పక్కన ఎనకాల నిలబడల్ల."

"మరి స్మాష్ ఎవరు కొడతారన్నా?"

"ఎవురో ఒకరు కొడతార్లే. నేల విడిచి సాము చేసింది చాలు గానీ, ముందు నేల మీద నిలబడేది నేర్చుకో నాయనా."

ఒకటో నంబరు జెర్సీ విప్పి, వెనక ఆడే మునాఫ్‌కిచ్చాను. ఆ రోజు ఓడిపోయాం. తర్వాతి రెండు వారాలూ ఓడిపోయాం. "దూలమంత మనిషిని తీసుకపోయి ఎనక పాతిపెట్టినారు కదప్పా!" అని టీమంతా నన్నూ ఆయన్నీ కలిపి ఆడిపోసుకుంది. నేను పళ్లు కొరుక్కుని నిలబడ్డాను.

జూలైలో తెల్లవారి ఐదింటికే ఇసుక సెగలు కక్కుతుంది. నేర్పే వేళ మొదటి రెండు వారాలు ఓబులేసన్న నాకు బాలే ముట్టనివ్వలేదు. మోకాళ్లు వంచి అటూ ఇటూ నడిపించడమే. "చేతులు తర్వాత. కాళ్లు ముందు. బాలు నీ కాడికి రాదు, నువ్వే దాని కాడికి పోవల్ల." మూడో వారం బాలు ఇచ్చాడు. పదికి ఎనిమిది పక్కకు పోయాయి. నాకు తిక్క రేగింది. బాలును క్యాంపు గోడ అవతలికి తన్ని, "ఇన్నాళ్లు తిట్టినానని కసి తీర్చుకుంటాండావు కదా నువ్వు!" అని అరిచాను.

ఆయన ఆ ఎండలో గోడ చుట్టూ తిరిగి పోయి బాలు తెచ్చాడు. తుండుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "కోపం అయిపాయనా? ఇంగ వంగు."

సిగ్గుతో చచ్చిపోయాను. వంగాను.

అప్పట్నుంచి వారంలో అన్ని రోజులూ వంగడమే. కొట్లో పెప్సీ కేసు ఎత్తాలంటే మోకాళ్లు వంచి ఎత్తేవాణ్ని. మధ్యాహ్నం కొట్టు మూసిన వేళ, వెనక గోడకు రోజూ మూడు వందల బాళ్లు. ముంజేతులు కమిలి నల్లబడ్డాయి. కఫీల్ చూసి కంగారుపడి, "ఎవరు కొట్టారు నిన్ను?" అన్నాడు. "నేనే కొట్టించుకుంటున్నా," అన్నాను. పిచ్చివాడి వైపు చూసినట్టు చూశాడు. ఆరో శుక్రవారం ఒక బాలు నా చేతుల మీదికి వచ్చి, చప్పుడే లేకుండా లేచి, నేరుగా లిఫ్టర్ నెత్తి మీదికి పోయింది. ఓబులేసన్న "ఆఁ" అన్నాడు. నా జన్మలో ఏ ఈలకూ అంత సంతోషపడలేదు.

ఆగస్టు చివరి ఆదివారం ఆయన సెలవు పెట్టి, రెండు బస్సులు మారి జహ్రా వచ్చాడు. క్లబ్బు హాలు నేల మెరుపు చూసి చెప్పులు బయటే విడిచి, గుమ్మం పక్కన కూర్చున్నాడు.

మొదటి మూడు సర్వీసులూ పోయాయి. కోపం మళ్లీ ముక్కు మీదికొచ్చింది. గుమ్మం వైపు చూశాను. ఓబులేసన్న రెండు అరచేతులు కిందికి అదిమి చూపించాడు. వంగమని. వంగాను. నాలుగోది చేరింది. ఐదోది చేరింది. మధ్యలో రెండు పోయాయి. పంతొమ్మిది అయ్యేసరికి పద్నాలుగు. ఇంకొక్కటి మిగిలింది. అది చేరకపోతే రెండేళ్లు పెప్సీ కేసులే.

ఇరవయ్యోది నెట్ దాటగానే కిందికి జారింది. పాత రామాంజులైతే నిలబడి చూసి, ఎవరినో తిట్టేవాడు. నా కాళ్లు నన్నడక్కుండానే పోయాయి. మోకాలు నేలకు రాసుకుంది. బాలు లేచింది. లిఫ్టర్ ఉన్నచోటే ఉండి అందుకుని, అలవాటుకొద్దీ నాకే ఎత్తాడు. ఎగరొద్దన్న మాట ఇక్కడితో సరి! లేచి, పరిగెత్తి, తొమ్మిది వారాల ఆకలితో కొట్టాను.

కోచ్ విజిల్ వేశాడు. "రేపు ఇఖామా తీసుకురా. కాగితం రాద్దాం," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఎవరు నేర్పారు?" అని అడిగాడు. గుమ్మం వైపు చూపించాను. రమ్మన్నాడు. ఓబులేసన్న ఒట్టి కాళ్లతో లోపలికొచ్చి నిలబడ్డాడో లేదో, కోచ్ మాటామంతీ లేకుండా తనే ఒక సర్వీసు బలంగా వేశాడు. ఓబులేసన్న ఒక్క అడుగు పక్కకు వేశాడు. చప్పుడు లేదు. బాలు లిఫ్టర్ చేతుల్లోకి వచ్చి వాలింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

కోచ్ తల అడ్డంగా ఊపాడు. "ఇరవై ఏళ్ల కింద ఈ మనిషి నాకు దొరికి ఉంటే! చెప్పు, ఆయనకు చెప్పు," అన్నాడు. ఓబులేసన్నకు అరబ్బీ అంతంతమాత్రం. ఆయన పనంతా హిందీవాళ్లతోనే. నేను తెలుగులో చెప్పాను.

ఆయన తుండుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇరవై ఏండ్ల కింద గూడా నేను ఈ కువైట్లోనే ఉండానప్పా. ప్రతి శుక్రవారం ఆడతానే ఉండా. ఎవురూ చూడల్యా. అంతే," అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఎండ ఎక్కువుందని చెప్పినట్టు చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అని కోచ్ నా వైపు తిరిగాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క ముక్క మాత్రం మార్చాను. ఎవరూ చూడలేదు అన్నచోట, నేను చూడలేదు అన్నాను.