పన్నెండో డబ్బా

న్యాన్ నర్సు పరీక్ష పాసైన రోజున వాళ్ళ నాన్న బియెన్ హోవా బజారులో ఒక బాతును కొని, దాన్ని సంకలో పెట్టుకుని ఊరంతా తిరిగి, అందరికీ చెప్పి, అప్పుడు గానీ ఇంటికి తెచ్చి కోయనివ్వలేదు. ఆ వంశంలో పరీక్ష రాసిన మనిషి ఆమే మొదలు. ఆ చదువుతో కూతురు ఇప్పుడు అడవిలో ఏం చేస్తోందో ఆయనకు తెలియదు. తెలియకపోవడమే మంచిదని న్యాన్ రోజుకొకసారైనా అనుకుంటుంది.

మా దా అనే అడవిలో, వెదురు పొదల కింద తవ్విన ఆసుపత్రిలో పంతొమ్మిది మంది గాయపడ్డవాళ్ళు పడుకుని ఉన్నారు. తెల్లవారగానే ఆమె ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్ళి, వాళ్ళు పోసిన ఉచ్చను పాలపొడి డబ్బాల్లోకి వంపుకోవాలి. ఎండకు త్వరగా ఆరిపోకుండా అందులో వాగు బురద కలపాలి. కావడిలో పెట్టుకుని అరగంట నడిచి, ఎర్రరాళ్ళ లోయలో పన్నెండు చెట్లకు పన్నెండు డబ్బాలు పేముతాళ్ళతో వేలాడగట్టాలి. పై వాళ్ళకు రాసే ఉత్తరాల్లో డాక్టరు ఖియెం ఈ పనిని 'శత్రువును తప్పుదారి పట్టించే ప్రత్యేక కార్యక్రమం' అని రాస్తాడు. ఉచ్చ అన్న మాట ఎక్కడా రాయడు.

ఇదంతా అమెరికావాళ్ళు హెలికాప్టరుకు ముక్కు తగిలించినప్పటి నుంచీ మొదలైంది. అది చెట్ల తలలు తగిలేంత కిందుగా ఎగురుతూ గాలి పీలుస్తుంది. ఉచ్చ వాసన, చెమట వాసన, పొగ తగిలితే లోపల పెట్టెలో ముల్లు లేస్తుందట. ముల్లు లేచిన చోట బాంబులు పడతాయి. ఆకుల కింద ఏముందో ఎవరూ చూడరు, చూడవలసిన అవసరమూ లేదు. మనిషైనా పందైనా గేదైనా ముల్లుకు ఒకటే. సముద్రాలు దాటి వచ్చి ఇంత డబ్బు తగలేసి, చివరికి వీళ్ళు యుద్ధాన్ని ఉచ్చ వాసన దగ్గరికి తెచ్చారని తలచుకున్నప్పుడల్లా న్యాన్‌కు రోత పుట్టేది. ఆ ముక్కుకు మేత మోసే పని తనకే పడిందని మరీ అసహ్యంగా ఉండేది. బూడిదతో ఎంత తోమినా చేతుల వాసన పోయేది కాదు. ఆర్నెల్లుగా ఆమె అన్నంలో, ఉప్పులో ఊరిన చేపల నుంచి ఊటగా దిగే చేపపులుసు వేసుకోవడం మానేసింది. ఉప్పురాయి నంజుకుని తింటోంది.

"ఏడో చెల్లీ, ఇది మొదటి ఊట. జాగ్రత్తగా పట్టు, నీళ్ళు కలపకు," అన్నాడు మూడో మంచం మీది చిన్. అడవిలో అసలు పేర్లు పిలుచుకోరు. పుట్టిన వరసే పేరు. న్యాన్ వాళ్ళింట్లో ఏడోది, చిన్ తొమ్మిదోవాడు. యుద్ధంలోకి రాకముందు ఇరవై ఏళ్ళు ఫాన్ థియెత్‌లో చేపపులుసు తీసే షెడ్డులో పనిచేశాడు. ఏ తొట్టిలో ఊట ఎప్పుడు దిగుతుందో వాసన చూసి చెప్పేవాణ్ణని గొప్పలు చెప్పుకుంటాడు.

"ఊటేదీ, తొమ్మిదన్నా? నిన్నంతా నీళ్ళు తాగమని చెబుతూనే ఉన్నాను."

"ఎందుకు తాగడం? తాగిందంతా నువ్వెత్తుకుపోతావు."

"మీ షెడ్డులో ఈగలు ఇలాగే ఉండేవా అన్నా?" అని పక్కమంచం వాడు అందించాడు.

"ఉండేవి. గిరాకీ మాత్రం ఇంత ఉండేది కాదురా. మా సరుకు కొనడానికి విమానం వేసుకుని వచ్చినవాణ్ణి నేనైతే చూడలేదు."

నవ్వబోయి చిన్ కడుపు పట్టుకున్నాడు. నాలుగు రోజుల కిందట డాక్టరు అతని పొట్ట కోసి ఇనపముక్క తీసి, పేగు కుట్టాడు. అలాంటివాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. పదిరోజుల దాకా వాళ్ళను మంచం మీంచి కదిలించకూడదు. డోలీలో వేసి వాగు దాటిస్తే కుట్లు ఊడిపోతాయి. అలా దాటించినవాళ్ళలో కిందటి నెల ఒక్కడూ బతకలేదు. ఈ పదిరోజులూ ముక్కు లోయ వైపే పోవాలి, ఇటు రాకూడదు.

ఆ రోజు ఎండెక్కేసరికి అమెరికావాళ్ళు వచ్చారు. న్యాన్ డబ్బాలు కట్టి వచ్చి, లోయకు ఇవతల గోతిలో కూర్చుంది. ముందు ముక్కు హెలికాప్టరు కొమ్మలు ఊపుకుంటూ పోయింది. దాని వెనక పైన రెండు కాపలావి. తరవాత, అందరూ 'ముసలమ్మ' అని పిలుచుకునే చిన్న విమానం నింపాదిగా గిరికీలు కొట్టి తెల్లపొగ వదిలిపోయింది. ఆ పొగ మీదికి జెట్లు దిగాయి. మూడు విడతలు బాంబులు, చివర అంటుకుని మండే నాపాం. గోతిలో మట్టి రాలి ఆమె జుట్టు నిండింది.

ఆగిన వెంటనే పరిగెత్తింది. అసలు పని ఇప్పుడే. ఒక్క డబ్బా సైనికులకు దొరికిందంటే మోసం బయటపడుతుంది. ముక్కు ఇక లోయను నమ్మదు, అడవంతా వెతుక్కుంటూ వస్తుంది. విమానాలు వెళ్ళడానికీ సైనికులు దిగడానికీ మధ్య ఒక కుండ అన్నం ఉడికేంత వ్యవధి ఉంటుంది.

లోయలోకి దిగగానే ముక్కుకు గుడ్డ కట్టుకుంది. అయినా వాసన ఆగలేదు. పెట్రోలు వాసన, కాలిన వెంట్రుకల వాసన, వాటన్నిటి మీదా డబ్బాల్లో ఉడికిన ఉచ్చ వాసన. నిన్నటి దాకా ఆ చెట్ల మీద కోతుల గుంపు ఒకటి ఉండేది. ఇప్పుడు అవి కొమ్మలకు అంటుకుని నల్లగా వేలాడుతున్నాయి. ఒకదాని పొట్టకు పిల్ల కరుచుకునే ఉంది. కింద అడవిపంది ఒకటి సగం ఉంది. న్యాన్ వాటిని చూడకుండా డబ్బాల కోసమే చూసింది. సొట్టపోయినవి, చిల్లులు పడినవి, ముక్కలైనవి, అన్నీ బుట్టలో వేసుకుంది. పదకొండు దొరికాయి. పన్నెండోది కట్టిన చెట్టే లేదు.

మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతుండగా హెలికాప్టర్ల చప్పుడు వినబడింది. వేళ్ళతో సహా పడిపోయిన మద్ది ఒకటి పక్కనే ఉంది. బుట్ట ముందు తోసి, ఆ వేళ్ళ కింది గుంటలో దూరి, ఒంటి మీదికి మట్టి లాక్కుంది.

ముప్పైమంది దాకా దిగారు. అందరూ పొడుగు, అందరికీ చెమట. అందులో ఎర్రగా ఉన్న ఒకడు కోతినీ పిల్లనూ చూసి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. వెనకున్నవాడు వీపు తట్టి ఏదో అంటే ఇద్దరూ నవ్వారు. వాళ్ళ వెంట, అమెరికా పక్షానున్న సైగాన్ సైన్యం వాళ్ళు, న్యాన్ భాషే మాట్లాడేవాళ్ళు, ఇద్దరున్నారు. ఒకడు నడివయసు దుబాసీ, ఇంకొకడు బంగారు పన్నువాడు. ఆ బంగారు పన్నువాడే కర్రతో బూడిద కెలికి పన్నెండో డబ్బాను పైకి తీశాడు. వేళ్ళ సందుల్లోంచి న్యాన్‌కు అందరూ కనబడుతున్నారు, అతని బూట్లైతే మరీ దగ్గర. నాలుగు బారల దూరం ఉంటుంది.

"ఇదేమిటన్నా?"

"వాసన చూడు."

"నువ్వే చూడు, నీకు జీతం ఎక్కువ."

దుబాసీ డబ్బా మొహం దగ్గరికి తీసుకుని వెంటనే చెయ్యి చాపేశాడు. "ఉచ్చరా. ఉచ్చా బురదా."

"ఎవడిది?"

"సంతకం చెయ్యలేదు."

బంగారు పన్నువాడు తల పైకెత్తి, పక్క చెట్టు కొమ్మకు తెగి వేలాడుతున్న ఇంకో పేముతాడు వైపు చూశాడు. "అంటే, ఇందాకటిదంతా..."

"అంతా దీని మీదే."

"చెబుతావా దొరకు?"

"చెప్పకపోతే నా తల తీస్తాడు. చెబితే ఏం చేస్తాడో చూద్దాం."

దుబాసీ డబ్బా పట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో చెప్పాడు. న్యాన్ కళ్ళ ముందు చిన్ పొట్టమీది కుట్లే ఉన్నాయి. ఆఫీసరు డబ్బా వాసన చూశాడు. తల తిప్పి, కాలిన లోయను ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. కోతుల్ని చూశాడు. మెడ మీద నుంచి ఎర్రదనం పాకి చెవులదాకా వచ్చింది. తరవాత డబ్బాను బాంబుగోతిలోకి విసిరి, బూటుతో దాని మీదికి మట్టి తోశాడు. అదిమాడు. రేడియో మోసేవాణ్ణి పిలిచాడు.

దుబాసీ తిరిగి వచ్చాడు.

"ఏమన్నాడన్నా?"

"ఇక్కడ పెద్ద వంటశాల ఉండేదట. ఒక దళమంతటికీ. మనుషులు బూడిదైపోయారట, అందుకే కనబడటం లేదట. ఇంకా మిగిలినవాళ్ళు ఉండొచ్చు, రేపు మళ్ళీ కొట్టాలంటున్నాడు."

"మరి డబ్బా?"

"ఏ డబ్బా?"

బంగారు పన్నువాడు కిసుక్కున నవ్వాడు. "పోయిన నెల గేదెను చంపి ఫిరంగి బండి అని రాశారు. దాని కొమ్ములు కూడా రాశారా అన్నా?"

"నోర్మూసుకో. ఇంటికి పోవాలని ఉందా లేదా?"

వెళ్ళబోయేముందు సైనికులు వరసగా నిలబడి ప్యాంటు గుండీలు విప్పుకున్నారు. వాంతి చేసుకున్న ఎర్రటివాడు పడిపోయిన మద్ది చెట్టు దగ్గరికి వచ్చి, వేళ్ళ మీద ఉచ్చ పోశాడు. అది వేళ్ళ సందుల్లోంచి కారి న్యాన్ భుజం మీద, మెడ మీద పడింది. వెచ్చగా ఉంది. ఆమె చొక్కా కాలరు పళ్ళతో కొరికి పట్టుకుని కదలకుండా ఉంది. అతను ఏదో పాట ఈల వేస్తున్నాడు. ముప్పైమంది ఉచ్చ ఎర్రమట్టిలోకి ఇంకుతుంటే, రేపు ముల్లు దీనికీ లేస్తుంది కదా అనిపించింది ఆమెకు. అంత అసహ్యంలో ఆ ఆలోచన ఎలా వచ్చిందో తెలియదు.

ఆసుపత్రికి వచ్చి జరిగింది చెప్పింది. వాగులో మునిగి రావడానికి కూడా ఆగలేదు. డాక్టరు ఖియెం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"డబ్బా దొరికిందంటే అయిపోయినట్టే. సాయంత్రానికి అందరినీ వాగు దాటించాలి."

"తొమ్మిదన్నను కూడానా?"

డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని డోలీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"దాటించకండి. డబ్బా సంగతి అతను చెప్పడు, డాక్టరన్నా. ఆ ఆఫీసరు."

"ఎవడో దుబాసీ అన్న మాట మీద పంతొమ్మిది మందిని వదిలెయ్యమంటావా? నువ్వక్కడున్నట్టు తెలిసి కావాలనే అన్నాడేమో."

"తెలిస్తే నన్ను బయటికి లాగేవాళ్ళు, మాటలెందుకు? మాట సంగతి వదిలెయ్యండి, నేనతని మొహం చూశాను. అతను నిజం చెప్పాలంటే, ఇన్ని బాంబులు ఉచ్చ మీద పోయించానని తన నోటితో పై అధికారికి చెప్పుకోవాలి. అతను చెప్పడు. డబ్బాను నాకంటే జాగ్రత్తగా దాచాడు."

"నువ్వు పొరబడితే?"

"పొరబడితే అందరూ పోతారు. దాటిస్తే ముగ్గురు ఖాయంగా పోతారు."

మూడో మంచం మీంచి చిన్ గొంతు సవరించుకున్నాడు. "డాక్టరు తమ్ముడూ, మా షెడ్డు యజమాని ఒకసారి చెడిపోయిన తొట్టి మీద మొదటి రకం అని రాసి అమ్మేశాడు. చచ్చేదాకా అది మొదటి రకమే అన్నాడు, వాళ్ళావిడకు కూడా అదే చెప్పాడు. అబద్ధం ఒకసారి కాగితం మీదికి ఎక్కితే వెనక్కి దిగదు. చెల్లిని నమ్మండి."

"నీ ప్రాణం కోసం అంటున్నావు."

"మరి ఎవరి ప్రాణం కోసం అంటారు?"

డాక్టరు చివరికి నడవగలిగినవాళ్ళ మూటలు మాత్రం కట్టించి సిద్ధంగా ఉంచమన్నాడు. మిగతావాళ్ళు మంచాల మీదే ఉన్నారు.

మర్నాడు తెల్లారకముందే న్యాన్ లోయకు వెళ్ళింది. మంచి డబ్బాలు సరిపోలేదు. బాంబుగోతిలోకి దిగి, మట్టి తవ్వి, పన్నెండోదాన్ని బయటికి తీసింది. దాని పక్కన బూటు మడమ దిగిన గుర్తు అలాగే ఉంది. అందులో చిన్ ఉచ్చ పోసి, కాలిన కొమ్మకు కట్టింది. తిరిగి వచ్చి అందరితో పాటు వెదురు కింద కూర్చుంది.

హెలికాప్టరు ముందు ఇటువైపే వచ్చింది. పైన ఆకులు ఊగాయి, నీళ్ళ కుండ మీది మూత గలగలలాడింది. న్యాన్ తన అరచేతులను చంకల్లో దాచుకుంది, వాటి వాసన పైకి పోతుందేమో అన్నట్టు. ఆ చప్పుడు కాసేపు అక్కడే ఆగినట్టనిపించింది. తరవాత అది తూర్పుకు తిరిగి, లోయ మీదికి పోయింది. కాసేపటికి మొదటి బాంబు పడింది.

మంచాల మీద అందరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. డాక్టరు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు.

"నీ సరుకు అమ్ముడుపోయింది చెల్లీ," అన్నాడు చిన్.

"మన సరుకు కాదన్నా. వాడి అబద్ధం అమ్ముడుపోయింది. మనం దాని కింద పడుకున్నాం."

"ఏదైతేనేం, కుట్లు ఊడలేదు."

అతను బతికి ఉన్నందుకు ఆమెకు ఎంత సంతోషంగా ఉందో, ఆ సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో తలచుకుంటే అంత రోతగా ఉంది. భుజం మీద అప్పటికి ఏడుసార్లు బూడిద రాసి కడుక్కుంది. అక్కడ చర్మం చెక్కుకుపోయింది, వాసన మాత్రం ఉన్నట్టే ఉంది.

బాంబుల చప్పుడు ఆగింది. వంటమనిషి పొయ్యి మీద అన్నం కుండ పెట్టాడు. న్యాన్ చిన్ తల దగ్గర నీళ్ళ చెంబు పెట్టింది.

"ఇదంతా తాగాలి. ఇంకా ఐదు రోజులున్నాయి."

చిన్ ఏ జోకూ వెయ్యకుండా చెంబు అందుకున్నాడు. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఖాళీ బుట్ట తీసుకుని, లోయ వైపు పరుగెత్తింది.