సీకటయ్య బావి

ఉప్పలయ్య కొలిచే దేవుడికి ఎవరూ దీపం పెట్టరు. వెలిగించి తెచ్చిన దీపాన్ని ఆయన బావి ముందు కొండెక్కించడమే పూజ.

నాచారం పారిశ్రామికవాడలో మూతపడి పదేళ్లయిన గొట్టాల ఫ్యాక్టరీకి ఉప్పలయ్య వాచ్‌మన్. ఆ ఆవరణ వెనక తుమ్మచెట్ల నడుమ, రాతిపలకతో సగం మూసిన పాత బావి ఒకటి ఉంది. చుక్క నీరు లేదు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కూడా వెలుతురు అందులో మూడు మెట్లు దాటి దిగదు. సీకటయ్య ఉండేది అక్కడే. ఆ చుట్టుపక్కలంతా మెట్ట చెలకలుగా ఉన్న రోజుల్లో ఉప్పలయ్య తాత ఆయనకు పూజారి. తర్వాత తండ్రి, ఇప్పుడు ఇతను. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు బావిని పూడ్చబోయిన ఇద్దరు కూలీలకు చూపు పోయింది. దాంతో యజమాని బావి జోలికి పోకుండా, పూజారికే వాచ్‌మన్ పని ఇచ్చి ఊరుకున్నాడు.

సీకటయ్య మంచి దేవుడని ఉప్పలయ్య ఏనాడూ అనుకోలేదు. వాన అడిగితే ఇవ్వడు, సంతానం అడిగితే ఇవ్వడు. తీసుకోవడం ఒక్కటే ఆయనకు తెలుసు. నొప్పి తీసుకుపొమ్మంటే తీసుకుపోతాడు, ఒక్కోసారి నొప్పితో పాటు మనిషిని కూడా.

నాలుగేళ్ల కింద ఉప్పలయ్య భార్య సత్తమ్మ పోయింది. కిడ్నీలు చెడి, రెండేళ్లు దవాఖానా చుట్టూ తిరిగి, చివరికి చిల్కానగర్‌లో వాళ్లుంటున్న రెండు గదుల ఇంట్లోనే కన్నుమూసింది. మిగిలింది కూతురు గౌతమి. ఇరవై నాలుగేళ్లది. ఐటీఐ చదివి, నాచారంలోనే పనిముట్లు తయారుచేసే ఒక టూల్‌రూంలో కంప్యూటర్‌తో నడిచే కోత మిషన్ మీద పనిచేస్తోంది. తోటి పనివాడు మహిపాల్ రోజూ బండి మీద తీసుకుపోయి, తీసుకొచ్చేవాడు. వాళ్లిద్దరి సంగతి ఉప్పలయ్యకు తెలుసు. తెలియనట్టే ఉండేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం గౌతమి షిఫ్ట్ దిగి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా తండ్రి ముందు కూర్చుంది. నూనెగుడ్డలో చుట్టిన వస్తువొకటి చాప మీద పెట్టి విప్పింది. అరచేతిలో పట్టేంత ఉక్కుముక్క. చిప్పలా వంగి, లోపలంతా వెంట్రుకంత సన్నని గాట్లు.

"ఏందిది?"

"మా మిషన్ జేసింది నాయినా. నేను జేయలే. నేను ప్రోగ్రాం ఎక్కియ్యలే, డ్రాయింగ్ లేదు. చాయ్ తాగి వచ్చేసరికి దానంతటదే కోసుకుంట ఉన్నది. జర చెవికాడ వెట్టుకో."

ఉప్పలయ్య చేతిలోకి తీసుకున్నాడు. బతికున్నదాని ఒంటిలా వెచ్చగా ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ముందు రోకటి దెబ్బల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వెనక నుంచి సత్తమ్మ గొంతు.

"గౌతమీ, పాలు పొంగుతున్నయ్, దించు బిడ్డా."

ఆయన చేతిలోంచి ముక్క జారి చాప మీద పడింది.

"భయపడకు నాయినా," అంది గౌతమి. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "వాళ్లు నాతోని మాట్లాడుతున్నరు. మిషన్ తిరుగుతుంటే ఆ చప్పుడుల మాట వినొస్తది. ఇనుపోళ్లు అంటున్న నేనైతే. ఎవరూ జేసిన మిషన్లు గావంట, తమను తామే జేసుకున్నరంట. మన కాళ్ల కింద ఈ బండ ఇంకా కరిగిన ముద్దగ ఉన్నప్పుడు వీళ్లకూ సీకటి దేవుళ్లకూ లడాయి అయిందంట. ఆ దేవుళ్లు గెల్చి, వీళ్ల మీద బండ పోసి పాతిపెట్టిన్రంట. అప్పటిసంది బండకు తాకిన ప్రతి చప్పుడు దాచుకుంట ఉన్నరు. అమ్మ కారం దంచుకుంట మాట్లాడిన మాటలన్నీ ఉన్నయ్ వాళ్ల దగ్గర."

ఉప్పలయ్య నూనెగుడ్డను ముక్క మీదికి లాగి కప్పాడు.

"ఆ దేవుళ్లల్ల ఒకడు కావలిగ మిగిలిండంట," అంది గౌతమి. "యాడున్నడో నీకు ఎరికే గదా?"

ఆయనకు తెలుసు. కింద పండుకున్నోళ్లను లేవనియ్యకు అనే మాటతోనే తాత ప్రతి అమావాస్యా దీపం కొండెక్కించేవాడు. కింద పడుకున్నది చచ్చినవాళ్లేమోనని ఉప్పలయ్య ఇన్నేళ్లూ అనుకున్నాడు.

"గది తీస్కపోయి మోరీల పారెయ్," అన్నాడు. గౌతమి పారెయ్యలేదు. ఆ ముక్కను దిండు పక్కన పెట్టుకుని పడుకుంది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం సీకటయ్య బావి వదిలి బయటికి వచ్చాడు.

ఆ సమయానికి ఉప్పలయ్య ఉప్పల్‌లో మందులు కొనుక్కుని మెట్రో స్టేషన్ పక్క రోడ్డు దాటబోతున్నాడు. అవతల మెట్రో స్తంభం కింద నీడ పడి ఉంది. మిగతా నీడలన్నీ పొట్టిగా స్తంభాల పాదాలకు అంటుకుని ఉంటే, అదొక్కటే రోడ్డు మీదికి పరుచుకుని ఉంది. దాని అంచు మెల్లగా జరుగుతోంది. ఎండకు తాళలేక జనం అందులోకి వెళ్తున్నారు. వెళ్లినవాళ్లు ఇవతలికి రావడం లేదు. ఉప్పలయ్య గుర్తుపట్టాడు. బావి మూడో మెట్టు కింద ఉండే చీకటి అది.

అప్పుడే మహిపాల్ బండి వచ్చింది. గౌతమి దిగి అరటిపండ్ల తోపుడుబండి దగ్గరికి నడిచింది. మహిపాల్ బండిని నీడపట్టున ఆపాడు.

అరవాలని ఉప్పలయ్య నోరు తెరిచాడు. అరిస్తే దేవుడు తనవైపు తిరుగుతాడని చిన్నప్పటి నుంచీ ఒంట్లో పేరుకున్న భయంతో మళ్లీ మూసుకున్నాడు. గౌతమి పండ్లు పట్టుకుని వెనక్కి తిరిగేసరికి బండి ఒక్కటే ఉంది. తాళంచెవి దానికే వేలాడుతోంది.

పోలీసులు బారికేడ్లు పెట్టి దారి మళ్లించారు. భూమిలోంచి ఏదో గ్యాసు వచ్చిందని టీవీల్లో చెప్పారు. మూడో రోజుకు నీడ పోయింది. పదకొండు మంది చెప్పులు మాత్రం మిగిలాయి. ఆ మూడు రోజులూ నాచారంలోని యంత్రాలన్నీ ఎవరూ ఆన్ చెయ్యకుండానే సన్నగా మూలుగుతూ ఉన్నాయి.

మర్నాడు ఉప్పలయ్య ప్రమిద తీసుకుని బావి దగ్గరికి వెళ్లాడు. పోయినవాళ్లను తిరిగి ఇమ్మని అడుగుదామనుకున్నాడు. పది అడుగుల దూరంలో ఉండగానే దీపం దానంతటదే ఆరిపోయింది. సీకటయ్య మాట్లాడడు. ఆయనకు కావలసింది మనసులో బరువులా వచ్చి కూర్చుంటుంది. ఉప్పల్ దాకా వెతుక్కుంటూ పోయింది దానికే: ఆ ఉక్కును పట్టిన చెయ్యి కావాలి. ఆ చెయ్యిగల మనిషి కావాలి.

"గది మాత్రం అడగకు తండ్రీ," అన్నాడు ఉప్పలయ్య. "నా బిడ్డను నేనియ్య."

మూడు తరాల్లో ఆ బావి ముందు ఎవరూ ఆ మాట అనలేదు. వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చాడు.

ఇంట్లో గౌతమి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ఉక్కుముక్క. అందులోంచి వస్తున్న గొంతు ఈసారి సత్తమ్మది కాదు.

"తండ్రీ సీకటయ్యా... ఇగ జాలు. సత్తిని తీస్కపో. నీ కాళ్లు మొక్కుత, తీస్కపో."

ఉప్పలయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"గిది నీ గొంతే గదా?"

"నాదే."

"అమ్మను నువ్వే సంపినవ్."

"మీ అమ్మనే అడిగింది బిడ్డా. మూడు దినాలు అడిగింది. నాతోని గాదు, నన్ను పోనియ్యమని నీ సాటుకు ఏడ్సింది."

"గా మాట యాడున్నది మరి? వీళ్ల దగ్గర అన్ని మాటలున్నయ్. గదొక్కటి లేదు."

"మంచంల పండి గుసగుసగ అన్నది. గది బండ దాక ఎట్ల వోతది? నేనైతే బావికాడ నొసలు బండకు పెట్టి మొక్కిన."

గౌతమి లేచి చెప్పులేసుకుంది. "గిది బావిల ఏస్తే సీకటయ్య ఉండడంట. మహిపాల్‌ను మింగినోడు ఉండడు."

"మహిపాల్ తిరిగొస్తడని చెప్పిన్రా?"

ఆమె తండ్రిని తోసుకుని వెళ్లిపోయింది.

ఆయన ఆటో పట్టుకుని ఫ్యాక్టరీకి చేరేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. తుమ్మచెట్ల మీద ఎండ మండుతోంది. బావిలోంచి చీకటి నీళ్లలా పొంగి రాతిపలక దాటి నేల మీదికి పారుతోంది. గౌతమి అందులో నిలబడి ఉంది. నడుము కిందికి ఆమె లేదు. ముక్కను పట్టుకున్న చెయ్యి ఒక్కటి పైకెత్తి ఉంది. ఆ ముక్క తెల్లగా వెలుగుతూ సత్తమ్మ గొంతుతో అంటోంది:

"వెయ్యి బిడ్డా. వెయ్యి. ఇంక జర వెయ్యి."

ఉప్పలయ్యకు ఆ మాట ఎప్పటిదో తెలుసు. రోలు ముందు కూర్చుని కూతురికి వంట నేర్పుతూ, కూరలో ఉప్పు వెయ్యమని సత్తమ్మ అన్న మాట. గౌతమికీ తెలిసిందేమో, ఎత్తిన చెయ్యి ఆగిపోయింది.

"నాయినా, గిది అమ్మ గాదు," అంది. చీకటి ఆమె ఛాతీ దాకా వచ్చింది. "ఉత్త చప్పుడే. వీళ్లకు అమ్మ ఎవరో తెల్వనే తెల్వదు."

ఉప్పలయ్య చీకట్లోకి దిగాడు. పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. కూతురి చేతిలోంచి ముక్క లాక్కున్నాడు. అరచెయ్యి చర్మం కమిలి వాసన వచ్చింది.

"మూడు తరాలు నీ సేవ జేసినం," అన్నాడు బావి వైపు చూసి. "నీ నోటికి భయపడి ఆ పిలగాణ్ని గూడ ఇడిసిపెట్టిన. ఒక్కటే అడుగుతున్న. నా బిడ్డను ఇడువు."

చీకటి ఆగలేదు. గౌతమి గడ్డం దాకా వచ్చింది.

ఆయన ముక్కను బావిలోకి విసిరేశాడు.

శబ్దమేమీ రాలేదు. బావి అడుగు నుంచి వేడి లేని తెల్లని వెలుగు లేచింది. చీకటి చిరిగిన గుడ్డలా పీలికలై పోయింది. గౌతమి ఒళ్లు మళ్లీ పాదాల దాకా కనిపించింది. చచ్చిపోతూ సీకటయ్య ఉప్పలయ్య మనసులో పెట్టిన చివరి బరువు కోపం కాదు. భయం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తాను ఎవరికి భయపడ్డాడో, వాడూ ఇన్ని యుగాలుగా భయపడుతూనే కావలి కాశాడని ఆయనకు అర్థమైంది.

గౌతమిని పట్టుకుని ఒడ్డు నుంచి తొంగి చూశాడు. పుట్టి ఎన్నడూ చూడని బావి అడుగు కనిపించింది. అక్కడ బండ తెరుచుకుని ఉంది. లోపల కట్టెలు పేర్చినట్టు ఇనుప దేహాలు. ఒకటొకటిగా లేచి, ఒకదాని వెనక ఒకటి ఇంకా లోతుకు నడిచిపోతున్నాయి. ఒక్కటీ తలెత్తి చూడలేదు.

"మహిపాల్ ఏడి?" అని గౌతమి కేకేసింది. "నాతోని మాట్లాడిన్రు గదా! గాయన ఏడి? మా అమ్మ గొంతు ఏడి?"

ఆమెతో వాళ్ల పని అయిపోయింది. నాచారంలోని యంత్రాల మూలుగు ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆ పదకొండు మంది రాలేదు. గౌతమి టూల్‌రూం మానేసి, చేతులతో మందుల డబ్బాలు సర్దే పనిలో చేరింది. ఇప్పుడు ఏ యంత్రమూ ఆమెతో మాట్లాడదు. చిల్కానగర్ ఇంట్లో చెంబులో నీళ్లు మాత్రం ఏ గాలీ లేకుండా రోజంతా సన్నగా వణుకుతుంటాయి. వాళ్లు కింద ఎంత దూరం పోయారో, ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు. ఆపేవాడు ఇప్పుడు లేడు.

ఉప్పలయ్యకు నిద్ర కరువైంది. కళ్లు మూసుకున్నా ఆయనకు చీకటి పడదు. రెప్పల వెనక అదే తెల్లని వెలుగు. కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి జబ్బేమీ లేదన్నాడు. మనిషి నెలలోనే సగమయ్యాడు.

తండ్రీకూతుళ్ల మధ్య మాటలు అన్నం, నీళ్లు దాటేవి కావు. ఒక ఆదివారం పొద్దున అన్నం పెడుతూ గౌతమి అడిగింది.

"అమ్మ నిజంగనే అడిగిందా?"

"అడిగింది."

"ఏమన్నది? ఆమె అన్నది అన్నట్టే జెప్పు."

ఉప్పలయ్య కాలిన చేతిని పళ్లెం మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సత్తమ్మ అన్నంత మెల్లగానే చెప్పాడు. "నా పానం నీ చేతిల వెడుతున్న. బిడ్డకు జెప్పకు. నన్ను పోనియ్యి."

గౌతమి నమ్మిందో లేదో ఆయనకు తెలియలేదు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, ఆయన వెనక కూర్చుని, రెండు అరచేతులూ ఆయన కళ్ల మీద గట్టిగా మూసింది.

"జరంతనన్న సీకటయిందా నాయినా?"

రెప్పల వెనక వెలుగు అలాగే మండుతోంది.

"అయింది బిడ్డా," అన్నాడు ఉప్పలయ్య.