రెండు బిళ్లలు చాలన్న దర్జీ బాబాయి

రాజాం మెయిన్ రోడ్డులో మా మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను, కానీ రోడ్డుకు బదులు మోకాళ్ల లోతు నీళ్లు మెల్లగా పారుతున్నాయి, ఆ నీళ్లలోనే మిషను వేసుకుని పక్క కొట్టు దర్జీ లోకనాథం బాబాయి చొక్కా కుడుతున్నాడు. ఆయన పోయి ఏడాది దాటిందని తెలుసు, అయినా అది అడగవలసిన విషయంలా తోచదు.

జలుబు చేసినా, ఒళ్లు వెచ్చబడినా బాబాయి నా దగ్గరికే వచ్చేవాడు. డాక్టరు దగ్గరికి పోతే పూట పని పోతుందని, రెండు యాంటీబయాటిక్ బిళ్లలు చాలని అనేవాడు. పదేళ్లపాటు డాక్టరు చీటీ లేకుండానే అట్టలోంచి రెండేసి బిళ్లలు కత్తిరించి ఇచ్చాను. చివరికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి విశాఖపట్నం తీసుకెళ్తే, అన్నేళ్లు అరకొరగా వాడిన బిళ్లలకు క్రిములు మొండిబారాయని, ఏ మందూ వాటి మీద పనిచేయడం లేదని అక్కడి డాక్టర్లు అన్నారు. పన్నెండో రోజున పోయాడు.

నేను దగ్గరికి నడుస్తుంటే కొట్టు కాస్తా ఆసుపత్రి వరండా అవుతుంది, మళ్లీ కొట్టవుతుంది, మిషను చప్పుడు మాత్రం ఆగదు.

"నేను ఇవ్వకుండా ఉండాల్సింది బాబాయీ," అంటాను.

ఆయన దారం పంటితో తెంపుతాడు. "నానడిగినాను, నువ్విచ్చినావు. నాకైతే తెలీదు. నీకు తెలుసు కదమ్మా." ఆ గొంతులో కోపం లేదు, నడుం కొలత చెప్పినట్టు చెబుతాడు.

"తెలుసు."

ఆ మాట అనేశాక నీళ్లు పాదాల దాకా తగ్గిపోతాయి. ఇప్పుడేం చేస్తున్నావని అడుగుతాడు. చీటీ లేనిదే ఇవ్వడం మానేశానని, ఐదు రోజులకు రాస్తే ఐదు రోజులూ వాడమని చెప్పి పంపుతున్నానని, కొందరు విసుక్కుని ఎదురు షాపుకు పోతున్నారని చెబుతాను. మొన్న ఆయన భార్య రామలక్ష్మి పిన్ని మనవరాలి జలుబుకు అవే బిళ్లలు అడిగితే ఇవ్వలేదని, నాలుగో రోజుకు పిల్ల తనంతట తనే తేరుకుని బడికి పోయిందని కూడా చెబుతాను.

"ఎందుకివ్వలేదో మీ పిన్నికి సెప్పినావేటి?"

"అంతా చెప్పాను. మీ సంగతి కూడా."

"ఏటంది?"

"కూర్చోవడానికి స్టూలు అడిగింది."

బాబాయి నవ్వుతాడు. "అయితే పర్లేదు. కోపముంటే అది కూకోదు."

నాకు కూడా నవ్వు వస్తుంది, ఇద్దరం నవ్వుతుండగానే మిషను చప్పుడు దూరమవుతూ, సన్నబడుతూ పోతుంది.

మెలకువ వచ్చేసరికి బాగా తెల్లారింది. గొంతు నొప్పికి షాపులోంచి ఏదో ఒక బిళ్ల తెచ్చిపెట్టమని రెండు రోజులుగా సతాయిస్తున్న మా ఆయన, పెరట్లో ఉప్పు కలిపిన వేడినీళ్లు పుక్కిలిస్తున్నాడు.