చేతికి అబద్ధం చెప్పని మెషిన్

నిషివాకి చిజురు అనే ప్రోగ్రామర్ ఎనిమిది నెలలు కూర్చుని కొత్త గేమ్ మెషిన్ మీద ఆడేలా చేసిన ఆటను కంపెనీ ఒక్క మధ్యాహ్నంలో మూలన పెట్టేసింది.

ఒసాకాలో నిప్పొంబాషి వెనక వీధిలో, ఒక మూడో అంతస్తులో ఉండేది వాళ్ల ఆఫీసు. పనిచేసేది మొత్తం పదకొండు మంది. వాళ్లు తీసిన 'అలల పిడికిలి' అనే ఫైటింగ్ గేమ్ నాలుగేళ్ల క్రితం గేమ్ సెంటర్లలో జనాన్ని వరసలు కట్టించింది. దాని రెండో భాగం ఇళ్లలో టీవీకి తగిలించుకునే మెషిన్ మీద రావాలి. పాత మెషిన్‌కు పోటీగా వేరే కంపెనీ తెచ్చిన కొత్త మెషిన్ బజారులోకి వచ్చి ఏడాది దాటింది కనుక దాని మీదే వస్తుందని అందరూ అనుకున్నారు. డైరెక్టర్ మినెగిషి తదావో కూడా అలాగే అనుకుని, ఆ పనిని చిజురుకు అప్పజెప్పాడు. ఆఫీసులో ఆ కొత్త మెషిన్ మీద చెయ్యి వేసిన ప్రోగ్రామర్ ఆమె ఒక్కతే.

ఆ మధ్యాహ్నం కంపెనీ ప్రెసిడెంటు కుసునోకి మినెగిషిని పిలిచి తలుపు వేశాడు.

"రెండో భాగం పాత మెషిన్ మీదే వస్తుంది మినెగిషీ. ఒక్క దాని మీదే. తయారీ ఖర్చంతా ఆ మెషిన్ కంపెనీ పెట్టుకుంటుందట. ప్రకటనలు కూడా వాళ్లే వేసుకుంటారు."

"ఆ మెషిన్ పని అయిపోయిందండీ. షాపుల్లో కింది అరకి దిగిపోయింది."

"అందుకే మనల్ని అడిగారు. బాగున్న రోజుల్లో మన మొహం చూశారా వాళ్లు?" కుసునోకి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒప్పుకోకపోతే వచ్చే వసంతానికి ఇక్కడ దీపం ఉండదు."

మినెగిషి ఒప్పుకున్నాడు. అందులో అతనికి తప్పేమీ కనబడలేదు. తర్వాత్తర్వాత కూడా కనబడలేదు. చిజురుకు చెబితే ఆమె తెర ఆపి, "సరేనండి. పాత దాని మీదా నేనే చేస్తాను" అంది. ఎనిమిది నెలల పనిని ఒక డిస్కు మీదకు ఎక్కించి, తేదీ రాసి, సొరుగులో పెట్టింది.

అసలు తప్పు మే నెలలో జరిగింది. ఒక పత్రిక నుంచి ముఖాముఖికి మనిషి వచ్చాడు. అభిమానులు కోపంగా ఉన్నారని, చివరి రోజుల్లో ఉన్న మెషిన్ మీదే ఎందుకు వేస్తున్నారని అడిగాడు. 'ఒప్పందం అలా కుదిరింది' అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ నలభై ఆరేళ్ల మినెగిషికి ఆ ముక్క చిన్నతనంగా తోచింది. బేరానికి తలొగ్గిన మనిషిలా కనబడడం ఇష్టం లేకపోయింది. పట్టుదల గల పనివాడిలా కనబడాలనిపించింది.

"కొత్త మెషిన్ మీద ప్రయత్నించాం," అన్నాడు. "కుదరలేదు. చెయ్యి ఒకచోట, బొమ్మ ఒకచోట. బటన్ నొక్కాక దెబ్బ ఆలస్యంగా తగులుతోంది. మా ఆటకి ప్రాణం అదే కదా."

విలేఖరి కలం వేగం పెరిగింది. అది చూసి మినెగిషి ఇంకో మాట కలిపాడు. "పాతది ముసలిదే. కానీ అది చేతికి అబద్ధం చెప్పదు."

పత్రిక ఆ మాటనే పెద్ద అక్షరాలతో పేజీ నెత్తిన వేసింది.

నిజానికి చిజురు కొత్త మెషిన్ మీద చేసినదానిలో దెబ్బ పాత దాని కన్నా త్వరగా తగిలేది. సెకనులో అరవయ్యో వంతు త్వరగా. ఆ అరవయ్యో వంతు కోసం ఆమె ఎన్ని ఆదివారాలు ఆఫీసుకొచ్చిందో మినెగిషికి తెలుసు. కుదిరిన రోజున ఆమె ఎవరికీ చెప్పకుండా కింద షాపుకు వెళ్లి అందరికీ ఐస్‌క్రీములు తెచ్చిందని కూడా తెలుసు.

పత్రిక వచ్చిన రోజు ఆమె దాన్ని తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

"మినెగిషి గారూ, కొత్త మెషిన్ మీద ప్రయత్నించింది ఎవరండీ?"

అతను తలెత్తలేదు. "అది... ప్రచారం కోసం అన్న మాట."

"ఆఫీసులో ఆ పని చేసింది నేనొక్కదాన్నే కదా, అందుకని అడుగుతున్నా."

"నీ పేరు చెప్పలేదుగా."

"చెప్తే బాగుండేది. తిట్టయినా నా పేరు మీద పడేది."

ఆమె గొంతు పెంచలేదు. పత్రిక అక్కడే వదిలేసి వెళ్లి కూర్చుని, సాయంత్రం వరకూ పాత మెషిన్ మీద పని చేసింది. లేచి వెళ్లి ఏదో ఒకటి చెప్పాలని మినెగిషి అనుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ వారం పనెక్కువగా ఉంది, తర్వాతి వారం ఇంకా ఎక్కువైంది.

అక్టోబరులో ఆట విడుదలైంది. ఆ వారం ఆదివారం మధ్యాహ్నం, ఊళ్లోనే షిన్‌సెకాయ్‌లోని ఒక గేమ్ సెంటర్లో అభిమానులు చిన్న పోటీ పెట్టి కంపెనీ వాళ్లను పిలిచారు. నలభై మంది దాకా వచ్చారు. వాళ్లకు పెద్దదిక్కు ఒగురా. సోయా పాలతో పనీరులా చేసే టోఫు కొట్టు ఆయనది. పొద్దున్నే నీళ్లలో నానే చేతులు కావడంతో వేళ్లు ఎర్రగా, మొద్దుగా ఉండేవి. కానీ ఆటలో ఆ వేళ్లను ఓడించడం ఎవరి తరమూ కాలేదు.

"డైరెక్టర్ గారూ, మీ మాట చదివాక మావాళ్లు ఆరుగురు అటక మీంచి పాత మెషిన్లు దింపారండీ!" అన్నాడు ఒగురా అందరికీ వినబడేలా. "చేతికి అబద్ధం చెప్పదు! ఎంత మాటన్నారు! అవునూ, కొత్త దాని మీద చేసి చెడగొట్టిన ఆ చేతకాని మనిషి ఎవరండీ? ఇక్కడికి తెచ్చారా, కాస్త మొహం చూస్తాం!"

అందరూ నవ్వారు. మినెగిషి పక్కన నిలబడిన చిజురు ఒకడుగు ముందుకు వేసి నడుము వంచి నమస్కరించింది.

"క్షమించండి. అది నేనే."

నవ్వులు రెట్టింపయ్యాయి. ఆమె తమాషాకు అంటోందనుకున్నారు. "అబ్బో, గడసరి అమ్మాయే!" అన్నారెవరో. చిజురు తల ఎత్తి మినెగిషి వైపు చూసింది. అతను ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. నలుగురితో పాటు తనూ నవ్వాడు.

ఆ నవ్వు తన గొంతులోంచి రావడం అతనికి వినబడింది. వినబడుతూనే ఉంది, ఆగలేదు.

నెల తిరక్కుండానే చిజురు రాజీనామా ఇచ్చింది. కారణం అన్నచోట 'సొంత పనులు' అని రాసింది. వెళ్లే రోజు ఒక్కొక్కరి దగ్గరా ఆగి వీడ్కోలు చెప్పింది. మినెగిషికీ అందరికీ చెప్పినట్టే చెప్పింది, తక్కువా లేదు, ఎక్కువా లేదు.

ఆట ఓ మోస్తరుగా అమ్ముడుపోయింది. చలికాలం గడిచేలోగా ఆ పాత మెషిన్ తయారీ ఆగిపోయింది. అభిమానుల ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. సగం ఉత్తరాల్లో 'చేతికి అబద్ధం చెప్పదు' అన్న అదే వాక్యం ఉండేది. మినెగిషి వాటిని చివరిదాకా చదవడం మానేశాడు.

మార్చిలో ఒకరోజు అందరూ భోజనానికి వెళ్లిన వేళ అతను చిజురు కూర్చున్న బల్ల సొరుగు తెరిచాడు. డిస్కు అక్కడే ఉంది. కొత్త మెషిన్లో పెట్టి ఆడాడు. బటన్ నొక్కాడు, దెబ్బ తగిలింది. మళ్లీ నొక్కాడు. వేలికీ బొమ్మకూ మధ్య దూరమే లేదు. ఇరవై ఏళ్లుగా ఆటలు తీస్తున్నాడు గానీ ఇంత చక్కగా చేతికి అమరిన ఆట ఇంతకు ముందు ఆడలేదు. చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరూ లేకపోయినా చుట్టూ చూశాడు.

ఆ సాయంత్రమే పత్రికకు ఫోన్ చేశాడు. తను చెప్పింది అబద్ధమని, సవరణ వేయాలని అడిగాడు. అవతల సంపాదకుడు నిట్టూర్చాడు.

"పది నెలల కిందటి మాట. ఇప్పుడు తవ్వితే మెషిన్ కంపెనీకీ బాగుండదు, మీకూ బాగుండదు. వదిలెయ్యండి సార్."

వదిలేయడానికి ఒక సాకు దొరికింది. మినెగిషి ఆ సాకును రెండు వారాలు మోశాడు. మూడో ఆదివారం షిన్‌సెకాయ్ వెళ్లాడు. ఒగురా బృందం నెలకోసారి అక్కడే కలుస్తుంది. ఆ రోజు డజను మంది ఉన్నారు. ఆట ఆపించి, నిలబడి, ఉన్నదంతా చెప్పాడు. ఒప్పందం సంగతి, పత్రిక ముందు కోసిన కోతలు, అరవయ్యో వంతు, అన్నీ.

ఒగురా మెడ గోక్కున్నాడు.

"దెబ్బ ఆలస్యమన్నది అబద్ధమని మాకు తెలుసండీ."

"తెలుసా?"

"నా దగ్గర రెండు మెషిన్లూ ఉన్నాయి. కొత్త దాని మీద వేరే ఆటలు ఆడుతూనే ఉన్నాగా. ముప్ఫై ఏళ్లుగా టోఫు కోస్తున్న చెయ్యి ఇది, తేడా ఉంటే పట్టదా? ఏదో బేరం అయ్యుంటుందిలే అనుకున్నాం. మొహమ్మీద అనడం బాగోదని మీ మాటే మేమూ పట్టుకుని తిరిగాం. మాకు ఆట వస్తే చాలు."

మినెగిషి తిడతారని సిద్ధపడి వచ్చాడు. ఇన్నాళ్లూ వీళ్లు తన అబద్ధాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు మోశారని తెలిశాక తిట్లే నయమనిపించింది.

"ఆగండాగండి," అన్నాడు ఒగురా ఉన్నట్టుండి. మొహం మారిపోయింది. "ఆ రోజు దణ్ణం పెట్టిన అమ్మాయి... ఆ అమ్మాయేనా? నిజంగా ఆ అమ్మాయేనా చేసింది?"

"అవునండి."

"అలాంటి మనిషే లేడనుకుని చేతకాని మనిషన్నానే! ఇంతమందిలో!" ఒగురా లేచి నిలబడ్డాడు. "మీరు పక్కనే ఉన్నారు. చెప్పొచ్చుగా! మీరు అబద్ధం ఆడుకోండి, అది మీ గొడవ. నాచేత ఆ పిల్లని తిట్టించారేంటయ్యా? నన్నెందుకు కలిపారు ఇందులో?"

'గారు' పోయి 'అయ్యా' వచ్చింది. మినెగిషి తల వంచి, అలాగే ఉండిపోయాడు.

"ఎక్కడుంది ఆ అమ్మాయి? నేను వెళ్లాలి."

చిజురు కోబెలో ఆసుపత్రి పరికరాలు తయారుచేసే ఒక చోట చేరింది. మినెగిషి ఉత్తరం రాస్తే, వారం తర్వాత పోస్టుకార్డు మీద స్టేషను పేరూ, సమయమూ మాత్రం రాసి పంపింది. ఏప్రిల్లో ఒక శనివారం పగటిపూట ఇద్దరూ వెళ్లారు. ఒగురా కోటు వేసుకుని, చల్లని డబ్బాలో నాలుగు టోఫు దిమ్మలు పట్టుకొచ్చాడు. స్టేషను పక్క కాఫీ షాపులో ఆమె ఇంకా కూర్చోకముందే లేచి నడుము వంచాడు.

"నోరు జారానమ్మా. ఏం తెలీకుండా వాగాను."

"మీకు తెలిసినంతలో మీరన్నారు. అందులో తప్పేముందండీ?" అంది చిజురు. డబ్బా తీసుకుంది. "ఇది ఈరోజుదేనా?"

"పొద్దున్నదే. అల్లం కోరు వేసుకుని తిను, ఇంకేం కలపకు."

ఆమె నవ్వింది. మినెగిషి వైపు తిరిగాక ఆ నవ్వు లేదు. అతను వారమంతా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాడు. పత్రికను అడిగాననీ, వాళ్లు వేయనన్నారనీ, షిన్‌సెకాయ్‌లో చెప్పాననీ. ఆమె కప్పు తిప్పుతూ విన్నది.

"పత్రికలో మాట నేను మర్చిపోగలనండీ. కంపెనీ నిలబడాలి, ఏదో అన్నారు. కానీ ఆ రోజు మీరు నవ్వారు."

"నవ్వాను."

"ఎందుకు?"

అతనికి జవాబు ఉంది. అందరూ నవ్వుతున్నారు కనుక. అది చెప్పడానికి నోరు రాలేదు. ఆమె గడియారం చూసుకుని, ఒగురాకు మళ్లీ నమస్కరించి, డబ్బాను చేతుల్లో పాపలా పట్టుకుని వెళ్లిపోయింది.

తిరుగు రైల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అమాగసాకి స్టేషను దాటాక ఒగురా ఇటు తిరిగాడు.

"వచ్చే నెల మీటింగుకి వస్తారా?" అన్నాడు.

"రమ్మంటారా?"

"నేను రమ్మనను, వద్దనను. వస్తే మాత్రం డైరెక్టర్ గారని కుర్చీ వెయ్యం. ఆడాలంటే అందరితో పాటు వరసలో నిలబడాలి."

మినెగిషి వెళ్లాడు. వరసలో తొమ్మిదోవాడిగా నిలబడ్డాడు. తన వంతు వచ్చేదాకా అతనితో ఎవరూ మాట్లాడలేదు.