పదకొండు గంటల ఉత్తరం

చెప్పుల స్టాండు పక్కన మోకాళ్ల మీద వంగి, పాత కంప్యూటరు ఫ్యానులోని దుమ్మును నోటితో ఊదుతున్నారు పాస్‌వర్డు గారు. ఊదిన దుమ్మంతా తిరిగొచ్చి ఆయన కళ్లజోడు మీదే వాలింది. యాభై రెండేళ్ల నడుము ఓ పట్టాన లేవనంటోంది.

"మొక్కింది చాలు గానీ జరగండి, నా చెప్పులు తీసుకోవాలి," అంది భార్య.

"మొక్కడం కాదు, శుభ్రం చేయడం. సర్వర్ పోతే సర్వం పోయినట్టే."

"హోటల్లో సర్వరు నయం, అడిగితే మంచినీళ్లయినా ఇస్తాడు," అంటూ ఆవిడ పాఠాలు చెప్పడానికి స్కూలుకు వెళ్లిపోయింది.

డిగ్రీ మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పిన మనిషి ఆయన. "పాసే కానివాడికి ఇన్ని పాస్‌వర్డులేమిటండీ!" అని ఆఫీసులో ఎవరో అన్న మాట పేరై కూర్చుంది. నీటి మీటర్ల కంపెనీలో ఫిర్యాదుల గుమస్తా. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ. మధ్యలో కుర్చీకి చక్రాలొచ్చాయి. ఆయన మాత్రం ఉన్నచోటే ఉన్నారు.

ఆఫీసు తుక్కులో పారేస్తున్న ఈ పెట్టెను అడిగి తెచ్చుకుని, ఏడాది ఆదివారాలు ధారపోసి, అందులో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి ఇంటి సర్వర్‌గా మార్చారు. కుటుంబం ఫొటోలూ కాగితాలూ అందులోనే. తలకో మెయిలు చిరునామా, ఇంటిపేరుతో సహా. ఎక్కడ కూర్చున్నా ఇంటర్నెట్‌ మీద ఆ పెట్టెలోకి దూరి పని చక్కబెట్టవచ్చు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అధికారం చెల్లిన చోటు అదొక్కటే.

"ఊరికే దొరికే మెయిలుండగా ఈ సొంత కుంపటెందుకురా?" అన్నాడు బావ, అక్క మొగుడు.

"సొంతిల్లు పెట్టుకుని పోస్టాఫీసు అద్దెకా బావా?" అని నలుగురిలో గొప్పగా అని, అక్క చేత పాత చిరునామా మాన్పించి తన పెట్టెలో చేర్పించారు.

గొంతు ఆపరేషను తర్వాత అక్కకు మాట లేదు. ఆసుపత్రి నుంచి రోజూ పదకొండింటికి తన టాబ్లెట్‌లో తమ్ముడికి నాలుగు ముక్కలు మెయిలు రాస్తుంది. మిగతా రోజంతా ఆయన ఊరి ఫిర్యాదులు చదువుతారు. ఆ ఒక్కటీ ఫిర్యాదు కాదు.

ఆ రోజు పదిన్నరకు ఆఫీసు నుంచి ఇంటి పెట్టెలోకి తొంగిచూస్తే, ముక్కూమొహం తెలియని వాళ్లెవరో గంటకు వందసార్లు తలుపు తోసి చూస్తున్నట్టు పెట్టె రాసిపెట్టుకునే లెక్కల్లో కనిపించింది. ఒళ్లు మండింది. నా ఇంటికే కన్నమా! ఇలాంటప్పుడు ముందు మనం వచ్చిపోయే ద్వారం విడిచిపెట్టి, తర్వాత చుట్టూ ఫైర్‌వాల్ అనే గోడ లేపాలి. ఆవేశంలో ఆయన ముందు గోడ లేపేశారు.

తెర మీద మిణుకుమిణుకుమనే గీత ఆగిపోయింది. మీట నొక్కారు. మళ్లీ నొక్కారు. దొంగలతో పాటు తనూ వీధిలోనే. మెయిలు రాదు, పోదు. ఇంటికెళ్లి ఆ పెట్టెకు కీబోర్డు తగిలిస్తే రెండు నిమిషాల పని. ఇల్లు మాత్రం నలభై నిమిషాల దూరం.

"ఏం పాస్‌వర్డు గారూ, ఇల్లు అరచేతిలోనే ఉందా?" అంటూ సెక్షను హెడ్డు అటుగా వచ్చాడు.

ఒక్క పూట సెలవడిగితే సరిపోయేది. ఎందుకని అడుగుతాడు. చెబితే రేపటికల్లా మూడో అంతస్తు దాకా నవ్వులే.

"ఆఁ, ఉందండీ," అన్నారు. చెవులు కాలిపోయాయి.

పదకొండయింది. అక్కకు చెప్పమందామని బావ నంబరు తీశారు. 'కుంపటి ఆరిందా?' అనే గొంతు ముందే వినబడింది. ఫోను జేబులో పెట్టేసుకున్నారు. సాయంత్రం ఎవరికీ తెలియకుండా సరిచేసుకోవచ్చు. అన్నం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశారు. పన్నెండు ఫిర్యాదులు ఎక్కించారు. అందులో రెండింటికి ఒకే నంబరు వేశారు.

నాలుగింటికి బావే ఫోన్ చేశాడు. "ఒరే... ఒకసారి రారా," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆసుపత్రి గదిలో అక్క ముఖం మీది దాకా దుప్పటి కప్పేసి ఉంది. మూడున్నరకు నిద్రలోనే పోయిందట. బావ కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

"పదకొండింటి నుంచీ రాస్తూనే ఉందిరా. నువ్వు పలకలేదు. ఫోన్ చేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపింది. కాగితమ్మీద రాసింది, 'వాడి పెట్టె ఆగినట్టుంది, బాగుచేసుకుంటుంటాడు, మీరడిగితే సిగ్గుపడతాడు' అని." కిటికీ వదిలి ఇటు తిరిగాడు. "ఏమైందిరా దానికి?"

"నేనే బావా," అన్నారాయన. "నేనే మూసేశాను. పదిన్నరకే తెలుసు."

 బావ ఒక్క మాట తిట్టినా బాగుండేది. కాగితాల మీద సంతకాలు పెట్టాలని నర్సు పిలిస్తే వెళ్లిపోయాడు.

దిండు పక్కన అక్క టాబ్లెట్ ఇంకా వెలుగుతోంది. వెళ్లకుండా ఆగిన మెయిళ్లు మూడు. 'తమ్ముడూ, ఇవాళ కిటికీ పక్కకు మార్చారు, ఎండ బాగుంది.' దాని కింద, 'అందిందా?' ఆ కింద, 'వీలుంటే మధ్యాహ్నం ఓసారి వచ్చిపో.'

ఆయన దాన్ని తాకలేకపోయారు. మూడు ముక్కల పక్కనా మూడు చిన్న చక్రాలు, ఇంకా పంపుతున్నామంటూ, ఆగకుండా తిరుగుతున్నాయి.