మెత్తబడ్డ గొంగడి

నేను ఒక నల్ల గొంగడిని. సిద్దిపేట దగ్గరి పల్లెలో, బీరయ్య అనే కురుమాయన ఇంటి గొర్రెల ఉన్నితో పుట్టాను. నూలు వడికింది అతని తల్లి, నేసింది తండ్రి. చింతగింజల గంజి పట్టించి, అట్టలా బిగిసేదాకా ఎండలో ఆరబెట్టారు. ఆ గంజీ, ఉన్నిలోని జిడ్డూ కలిసి నాకు నేర్పిన విద్య ఒక్కటే: వాన జారిపోవాలి, లోపలి మనిషి పొడిగా ఉండాలి. ఒక మూల మడిచి తలమీద కొప్పెర వేసుకుని బీరయ్య ఎన్ని ముసుర్లలో మంద కాశాడో! వాసన మాత్రం గొర్రెదే. దాన్ని దాచుకోవాలని నాకెన్నడూ తోచలేదు.

తోచింది అతని భార్య రాజవ్వకు. ఆమె తమ్ముడు సాయిలు డ్రిల్లు మాస్టరు, కొండలెక్కే పిచ్చి ఉన్నవాడు. గొర్ల వెంట తిరగని గుట్ట లేదు, నీకిదో లెక్కా అని బావను ఊదరగొట్టి హిమాలయాలకు ఒప్పించాడు. పట్నపోళ్ల నడుమ మొగడు గొర్రె కంపు కొడితే పరువేం కావాలని, బయలుదేరే ముందు రాజవ్వ నన్ను ఉడుకు నీళ్లలో నానబెట్టి, సబ్బు పొడి చల్లి, బండకేసి బాదింది. ప్రేమతోనే బాదింది. నా విద్య నురగతో పాటు మోరీలో కలిసింది. ఆరాక చూసినవాళ్లంతా ఎంత మెత్తగుందో అని నిమిరి మురిశారు. మనుషులకు మెత్తదనం మీద అంత నమ్మకం.

నడక పొడుగునా ఎండ కాసింది కాబట్టి సంగతి బయటపడలేదు. కనుమ దాటేశాం. చివరి రోజు ఇక దిగడమే, కింద ఊళ్లో జీపులు. మబ్బు చూసి గైడు దీవాన్ సింగ్ అందరినీ రెయిన్‌కోట్లు తొడుక్కోమన్నాడు. బీరయ్య తనది మూటలో కుక్కి కంచరగాడిద మీద వేయించాడు. గొంగడి ఉండగా ఆ ప్లాస్టిక్ సంచి ఎందుకన్నాడు. ఏ కురుమాయనైనా ఆ మాటే అనేవాడు.

పడింది వాన కాదు, మంచు కలిసిన నీళ్లు. మొదటి జల్లుకే నాకు అర్థమైంది. జారాల్సిన నీళ్లు నాలోకి దిగుతున్నాయి. ఆపుదామంటే నా చేతిలో ఏముంది? తాగుతూనే ఉన్నాను. నా బరువుకే తూలాడో ఏమో, బీరయ్య రాళ్లమీద జారాడు, మోకాలు మెలిపడింది. గాడిదలూ తోటివాళ్లూ ఎప్పుడో ముందుకు పోయారు, పొడి బట్టలన్నీ వాళ్ల దగ్గరే. మనుషుల్ని తెస్తానని దీవాన్ సింగ్ కిందికి పరుగెత్తాడు. బావ చేతిని మెడమీద వేసుకుని సాయిలు అడుగులో అడుగు వేయించాడు.

గడగడా వణుకుతూ బీరయ్య నా అంచు తడిమాడు. గొర్రెల కాపరి వేళ్లకు చెప్పాల్సిన పని లేదు.

"గంజి వోయిందిరా," అన్నాడు. "మీ అక్క ఉతికింది."

కాసేపటికి వణుకు ఆగింది. నాకు భయం వేసింది అప్పుడే: వణకడానికి కూడా ఒంట్లో వేడి మిగల్లేదన్నమాట. వెచ్చగా ఉంది, కూసుంటా అన్నాడు. ఎదురుగా లేని మందను అదిలించసాగాడు. సాయిలు నన్ను లాగబోతే రెండు చేతులా హత్తుకున్నాడు.

"ఇడువు బావా. గది నిన్ను సంపుతది."

"మా అయ్య నేసిండురా."

వదులు, వదులు అని అరవాలనిపించింది. ఉన్నికి నోరు లేదు. కాపాడాల్సిన మనిషి ఒంట్లోని వేడిని చుక్కచుక్కగా పీల్చేస్తూ, ఆ మనిషి చేతుల్లోనే ముద్దుగా ఒదిగి ఉండటం ఎంత నరకమో ఏ బట్టకూ తెలియకూడదు.

అక్క మొగుడి మీద చెయ్యెత్తడం మావాళ్లలో ఉండదు. సాయిలు ఎత్తాడు. చెంపమీద ఒక్కటి పడగానే బీరయ్య వేళ్లు సడలాయి. సాయిలు నన్ను ఊడబెరికి బండలమీదికి విసిరాడు. తన కోటూ స్వెటరూ బావకు తొడిగి, తాను చొక్కామీదే నిలబడి ఏడ్చాడు. తర్వాత కుంటిగొర్రెను ఎత్తుకున్నట్టు అతన్ని భుజాలమీద వేసుకుని మంచులో కనపడకుండా పోయాడు.

చీకటి పడ్డాక నాలోని నీళ్లు గడ్డకట్టాయి. గంజి పెట్టిన నాటిలాగే అట్టలా బిగిశాను. ఇప్పుడెవరికి కావాలి ఆ బిగువు?

మావాళ్లలో మనిషి పోతే అతని గొంగడి అతనిమీదే కప్పుతారు. అందుకే తెల్లారి సాయిలు ఒక్కడే ఎక్కి వస్తుంటే నాకు ప్రాణం చచ్చిపోయింది. నామీది మంచు దులుపుతూ గొణిగాడు.

"బావకు పానం నిలవడ్డదో లేదో, నీ కోసం ఒకటే లొల్లి. సబ్బు ముచ్చట అక్కకు చెప్తే సంపుతా అన్నడు."

ఇంటికి చేరాక రాజవ్వ ముక్కు మూసుకుంది. బురద, పొగ, గాడిద వాసన. మళ్లీ ఉడుకు నీళ్లు, మళ్లీ సబ్బు పొడి. బీరయ్య కర్రకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. నేను ఆరాక తానే పొయ్యి ముట్టించి, చింతగింజల పొడి ఉడికించి, వాకిట్లో నన్ను పరిచి కుంటుకుంటూ గంజి పట్టించాడు.

మెత్తటి దాన్ని మళ్లీ మొద్దు చేస్తున్నావెందుకని రాజవ్వ గొణిగింది.

"వానలొస్తయి గద," అన్నాడు, నా అంచు తడుముతూ.